బోర్డోలో ఏడాది పొడుగునా వానలు పడతయి కదా, అక్కడ ద్రాక్ష ఎట్ల బతుకుతది?

మేడ్చల్ మల్లేశ్:

మాది మేడ్చల్ వైపు. మా తాతకు అనాబ్-ఎ-షాహీ ద్రాక్ష తోట ఉండె. ఇప్పుడు ఆ జాగల ప్లాట్లు లేచినయి, అది వేరే ముచ్చట. చిన్నప్పుడు మందు కలిపేటప్పుడు నా డ్యూటీ ఒకటే: మైలుతుత్తం నీళ్లు, సున్నం నీళ్లు కలిసినంక అండ్ల కొడవలి ముంచి చూసుడు. ఇనుము మీద ఎర్రగ పూత పడితే సున్నం సాలలేదన్నట్టు, ఇంకింత పొయ్యాలె. దాన్ని బోర్డో మిశ్రమం అంటరు. ఆ బోర్డో ఫ్రాన్స్‌ల ఉన్నదనీ, ద్రాక్షకు, వైన్‌కు దునియా మొత్తంల పేరున్న జాగ అనీ చాన రోజుల తర్వాత తెలిసింది.

మొన్న ఊకెనే ఆ ఊరి వాతావరణం చూసిన. ఏడాదికి 900 మిల్లీమీటర్ల పైన వాన! మన హైదరాబాద్‌కే 800 చుట్టుపక్కల. పైగా వాళ్లకు ప్రతి నెలా పడతనే ఉంటది, సముద్రం పక్కనే. మా దిక్కు అక్టోబర్ల కత్తిరించి, ఫిబ్రవరి మార్చి ఎండల్ల పండు చేతికొచ్చేటట్టు చూసుకుంటుండె. మధ్యల ఒక్క అకాల వాన పడ్డదంటే బూజు తెగులు, పక్షి కన్ను తెగులు, గింజ పగులుడు, ఇగ అంతే. మా తాత రాత్రంత మబ్బు దిక్కు చూసుకుంట కూసునేటోడు.

మరి ఏడాది పొడుగునా తడిసే జాగల ద్రాక్ష ఎట్ల పండిస్తరు? పండించినా గంత పేరెట్లొచ్చింది? నీళ్లు ఎట్ల పెడతరు, ఎకరాకు ఎన్ని టన్నులు తీస్తరు? అక్కడ ఉన్నోళ్లు ఎవరన్న ఉంటే చెప్పుండ్రి.

తోటపని మాధవి (పోయాక్ దగ్గర):

మల్లేశ్ గారూ, వాన గురించి అడగాల్సిన మనిషినే అడిగారు. వెంకట్రామన్నగూడెంలో హార్టికల్చర్ చదివి, ఇక్కడ పై చదువుకొచ్చి, ఇప్పుడు బోర్డోకి ఉత్తరాన మెడాక్ అనే ద్రాక్ష సీమలో, పోయాక్ ఊరి దగ్గర ఒక తోటలో పనిచేస్తున్నాను. చలికాలమంతా కత్తిరింపు. మే నుంచి ఆగస్టు దాకా ఆకు తిరగేసి బూజు తెగులు మచ్చలు లెక్కపెట్టడం. ఆ తర్వాత కోత. మబ్బు పడితే మా మేనేజర్ మొహం చూడక్కర్లేదు, మీ తాతగారి మొహమే.

ముందు లెక్క సరిచూద్దాం. మొత్తం వాన మీరన్నంత ఉంది. కానీ హైదరాబాద్‌లో దాంట్లో ఎక్కువ భాగం నాలుగు నెలల్లో దంచి కొడుతుంది. ఇక్కడ పన్నెండు నెలలకూ పరుచుకుని పడుతుంది, నవంబర్ నుంచి జనవరి దాకా కాస్త ఎక్కువ. అప్పటికి తీగ మీద ఒక్క ఆకు ఉండదు, మోడులు. ఆ వాన తీగనేమీ చేయలేదు. జూలైలో సగటున 50 మి.మీ. పడితే గొప్ప. మన వేడి నేలలో ద్రాక్షకు చలికాలపు నిద్ర లేదు, అందుకే ఏప్రిల్లో ఒకసారి, అక్టోబర్లో ఒకసారి కత్తిరించి, డార్మెక్స్ అనే మందు పూసి మొగ్గను లేపుతారు. ఇక్కడ ఆ పని చలి చేసి పెడుతుంది. మార్చి నెలాఖరుకి మొగ్గ పగులుతుంది, జూన్‌లో పూత, ఆగస్టుకి గింజ రంగు తిరుగుతుంది, సెప్టెంబర్ మధ్య నుంచి కోత. ఏడాదికి ఒక్క కత్తిరింపు, ఒక్క పంట.

ఇక అసలు సంగతి నేల. మెడాక్‌కి ఒకపక్క అట్లాంటిక్, ఇంకోపక్క గరోన్, దోర్దోన్ నదులు కలిసి వెడల్పయిన జిరోంద్ నదీముఖం. మధ్యలో చదునైన పట్టీ. కొండల్ని ఊహించుకోకండి, లిస్త్రాక్ దగ్గర 43 మీటర్ల ఎత్తు వస్తే మెడాక్ మొత్తానికి అదే శిఖరం. పిరెనీస్ పర్వతాల నుంచి, ఫ్రాన్స్ నడిబొడ్డున ఉన్న ఎత్తు భూముల నుంచి నదులు యుగాల తరబడి దొర్లించుకొచ్చిన గులకరాళ్ళు అక్కడక్కడా దిబ్బలుగా పేరుకున్నాయి. పేరు మోసిన తోటలన్నీ ఆ దిబ్బల మీదే. మా తోట అంచున ఒక బండిబాట ఉంది. దానికి ఎడంపక్క వంద యూరోల సీసాలోకి వెళ్ళే ద్రాక్ష, కుడిపక్క ఆవులు మేసే పచ్చిక. రెండింటికీ ఎత్తులో తేడా మనిషి నిలువంత కూడా లేదు. కానీ రాత్రంతా వాన కురిసినా పొద్దున్నే దిబ్బ మీద నడిస్తే బూటుకి మట్టి అంటదు. పచ్చికలో మాత్రం మడమ దిగబడుతుంది. ఆ రాళ్ళలో గోధుమ పండదు, ఇంకేదీ సరిగ్గా పండదు. నీటిని నిలవనివ్వకపోవడం, పగలు తాగిన ఎండను రాత్రి తీగకు తిరిగివ్వడం, అవి చేసే పని ఇంతే.

రాళ్ళంటే ఇక్కడి వాళ్ళు రొమాంటిక్‌గా మాట్లాడతారు, రాయి రుచి వైన్‌లోకి వస్తుందని. నేను నమ్మను. బోర్డో విశ్వవిద్యాలయంలో జెరార్ సెగాన్ అనే శాస్త్రవేత్త ఈ నేలల్ని ఏళ్ళ తరబడి పరిశీలించి తేల్చిందేమిటంటే, మంచి తోటల నేలల్లో రసాయనపరంగా ఉమ్మడి గుణమంటూ ఏదీ లేదు. కొన్ని గులకరాయి, కొన్ని సున్నపురాయి, కొన్ని బంకమట్టి. అన్నిట్లోనూ ఉన్న పోలిక నీళ్ళ విషయంలోనే: ఎక్కువైన నీటిని వదిలించుకుంటాయి, వేసవిలో మాత్రం తీగ చావకుండా కొంచెం కొంచెం అందిస్తాయి. బోర్డో జిల్లాలోనే పొమరోల్ అనే చోట పెత్రూస్ అనే తోట ఉంది, ప్రపంచంలో అతి ఖరీదైన వైన్లలో ఒకటి. అక్కడ గులకరాళ్ళు కాదు, నల్ల బంకమట్టి. దాని కథా నీటి దగ్గరికే వస్తుంది.

నీళ్ళు ఎట్లా పెడతారన్నారు కదా, పెట్టరు. కాపుకొచ్చిన తోటకు నీళ్ళు పెట్టకూడదని ఇక్కడి నిబంధన, ఎప్పుడో తప్ప సడలించరు. జూలై ఆఖరుకి తీగకు కాస్త దాహం వేయాలి. అప్పుడే కొమ్మ పెరగడం ఆపి గింజ మీద దృష్టి పెడుతుంది. గింజ చిన్నదవుతుంది, తోలు మందమవుతుంది. ఎర్ర వైన్‌కి రంగూ వగరూ వచ్చేది ఆ తోలు నుంచే. అనాబ్-ఎ-షాహీ లాంటి నిండు గింజ ఇక్కడ ఎవరికీ అక్కర్లేదు. మెడాక్‌లో మంచి తోటల్లో మీటరుకొక తీగ, హెక్టారుకి దాదాపు 10,000. మోకాలి ఎత్తులో కాపు, పందిరి లేదు. నా నడుమును అడగండి ఆ సంగతి. దిగుబడి ఎకరాకు రెండున్నర టన్నులు వస్తే తృప్తి పడతారు. మీ తాతగారైతే ఆ తోట పీకేయించేవారు.

సముద్రం విషయం. తీరానికీ తోటలకీ మధ్య లాండ్ అనే పైన్ అడవి అడ్డుగోడలా ఉంటుంది. అదేదో అనాది అడవి అనుకునేరు, చాలా భాగం మనుషులు నాటిందే. అది ఒకప్పుడు బురద మైదానం. మూడో నెపోలియన్ కాలంలో 1857లో చట్టం చేసి కాలువలు తీసి పైన్ నాటించారు. ఉప్పుగాలినీ తుఫానునీ కొంత అదే ఆపుతుంది. రెండోపక్క నదీముఖపు వెడల్పాటి నీళ్ళు వసంతంలో మంచు కాటుని కొంత తప్పిస్తాయి. మంచి తీగ నదిని చూస్తూ ఉండాలని ఇక్కడ ముసలివాళ్ళు అంటారు. 2017 ఏప్రిల్ చివర్లో మంచు పడి జిల్లా మొత్తం మీద పంట చాలా పోతే, నదిని ఆనుకున్న తోటలు చాలావరకు బయటపడ్డాయి.

ఇంతా చేసి కోత ముందు సెప్టెంబర్ వాన పడదని హామీ లేదు. దానికి వీళ్ళు కనిపెట్టుకున్న ఉపాయం, రకరకాల ద్రాక్షల వైన్లను కలపడం. మెర్లో అనే రకం రెండు వారాలు ముందు పండుతుంది, తోలు పల్చన. కబెర్నే సోవిన్యోన్ ఆలస్యంగా పండుతుంది, తోలు మందం, కుళ్ళును బాగా తట్టుకుంటుంది. ఇవి కాక కబెర్నే ఫ్రాన్, కొంచెం పెతీ వెర్దో. వాన ఏ పక్షంలో పడిందన్నదాన్ని బట్టి ఆ ఏడు ఏది ఎంత కలపాలో నిర్ణయిస్తారు. మా కృష్ణా జిల్లాలో వరి పోయినా మినుములున్నాయిలే అనుకున్నట్టు. బోర్డో వైన్ ఒకే రకంతో కాక నాలుగైదు రకాలతో ఉండటానికి రుచి ఒక కారణమైతే, భయం ఇంకో కారణం.

చివరగా మీ కొడవలి మందు. అది పుట్టింది నేను పనిచేసే చోటికి కూతవేటు దూరంలో, సాం జులియాన్‌లో. బూజు తెగులు ఇక్కడిది కాదు, అమెరికా నుంచి వచ్చింది. అంతకుముందే ఫిల్లోక్సెరా అనే వేరు పురుగు అమెరికా నుంచే వచ్చి ఫ్రాన్స్ తోటల్ని తుడిచిపెట్టింది. దాన్ని తట్టుకునే అమెరికన్ వేరు మొక్కల మీద అంటు కట్టారు (మన దగ్గర డాగ్‌రిడ్జ్ మీద కట్టినట్టే). ఆ మొక్కలతోపాటు బూజు తెగులూ దిగింది. 1882లో మిలార్దే అనే వృక్షశాస్త్రజ్ఞుడు సాం జులియాన్‌లో తోటల పక్కన నడుస్తూ చూస్తే, రోడ్డు వారనున్న వరసల్లో తప్ప మిగతా అన్నిటికీ ఆకు రాలిపోయి ఉంది. ఆరా తీస్తే, దారిన పోయేవాళ్ళు పళ్ళు కోసుకుపోకుండా అవి విషమని భ్రమపడేలా రైతులు మైలుతుత్తం, సున్నం కలిపి చిమ్మారని తెలిసింది. దొంగల కోసం చల్లింది తెగులుకి మందైంది. గేయోఁ అనే రసాయన శాస్త్రవేత్తతో కలిసి పాళ్ళు తేల్చి 1885లో ప్రకటించాడు. ఏడాదంతా తడిగా ఉండే ఈ జిల్లాలో కాకపోతే ఆ మందు ఇంకెక్కడ పుడుతుంది?

ముక్తాయింపుగా కాదు, మీకు పనికొచ్చేలా చెప్పాలంటే: వేరు దగ్గర నిలిచిన నీటి బెడదను దిబ్బ తీరుస్తుంది. ఆకు మీద ఆరని తడికి మాత్రం దిబ్బ ఏమీ చేయలేదు, ఇప్పటికీ మందు కొడుతూనే ఉంటాం.

తులూజ్ శీను:

మాధవి గారు బాగా చెప్పారు కానీ ఒక విషయంలో నేనొప్పుకోను. అంతా రాళ్ళ మహిమ అన్నట్టు ఉంది. నేను తులూజ్‌లో విమానాల పని మీద ఉంటాను. మా చుట్టుపక్కల గాయాక్, కాఓర్ తోటలున్నాయి. గాయాక్‌లో రోమన్ల కాలం నుంచీ ద్రాక్ష పండుతోంది, అప్పటికి మీ మెడాక్ దోమల చిత్తడి. మరి ప్రపంచానికి బోర్డో తెలిసి గాయాక్ ఎందుకు తెలియలేదు?

ఎందుకంటే రేవు వాళ్ళది. గాయాక్ వైన్ తార్న్ నది మీద, కాఓర్ వైన్ లో నది మీద పడవల్లో దిగి, గరోన్‌లో కలిసి, బోర్డో రేవుకే రావాలి. బోర్డో వాళ్ళు ఏం చేశారో తెలుసా? తమ సరుకు ముందు ఓడలెక్కి వెళ్ళిపోయేదాకా పైనుంచి వచ్చిన వైన్‌ని రేవులో అమ్మనివ్వలేదు. ఇంగ్లండ్ రాజుల నుంచి ఆ హక్కు రాయించుకున్నారు. 1152లో బోర్డో ఉన్న అక్విటేన్ ప్రాంతపు పాలకురాలు ఎలియనార్ హెన్రీని పెళ్ళాడింది, రెండేళ్ళకి అతను ఇంగ్లండ్ రాజయ్యాడు, అక్కడి నుంచి 1453 దాకా మూడొందల ఏళ్ళు బోర్డో ఇంగ్లిష్ వాళ్ళ చేతిలోనే. వాళ్ళు పోయినా ఆ రేవు హక్కు పోలేదు. 1776లో త్యూర్గో మంత్రిగా ఉండగా రద్దు చేసేదాకా నడిచింది. వందల ఏళ్ళు పక్కవాడి సరుకుని గుమ్మంలో ఆపి, తర్వాత మా నేల గొప్పదంటే ఎట్లా అండీ?

నిరుడు కాఓర్‌లో ఒక ముసలాయన తోటకి వెళ్ళాం. బోర్డో పేరెత్తగానే ఆయన అన్న మాట ఇక్కడ రాయలేను.

తోటపని మాధవి (పోయాక్ దగ్గర):

శీను గారూ, ఆ ముసలాయనకి నా నమస్కారాలు చెప్పండి. నిజమే అన్నారు. నేనింకా కలుపుతాను.

మధ్యయుగాల్లో ఇంగ్లండ్ తాగిన బోర్డో వైన్ మెడాక్‌ది కానేకాదు. ఊరి దక్షిణాన ఉన్న గ్రావ్, నదికి ఆవలి ఒడ్డు, మీ పైప్రాంతాలు, ఇవన్నీ కలిసింది. మెడాక్ మీరన్నట్టే చిత్తడి. 17వ శతాబ్దంలో డచ్ వాళ్ళొచ్చి కాలువలు తవ్వి నీళ్ళు తోడేస్తేనే దిబ్బలు పనికొచ్చాయి. ఆ కాలువల్ని ఇక్కడ జాల్ అంటారు, ఇప్పటికీ ఏటా పూడిక తీస్తారు. తీయకపోతే రెండు మూడేళ్ళలో దిబ్బ అంచు తీగలు పసుపెక్కుతాయి. అంటే పోస్టుకార్డుల మీద దేవుడిచ్చిన నేల అని వేసుకునే దాంట్లో సగం గునపంతో సంపాదించింది.

డబ్బెక్కడిదంటారా, అది ఇంకా చేదు. 18వ శతాబ్దంలో బోర్డో రేవు కరీబియన్ దీవుల చక్కెర, కాఫీ వ్యాపారంతో బలిసింది. ఆ పంటలు పండించింది బానిసలు. బానిసల్ని మోసిన ఓడలు కూడా ఇక్కడి నుంచి కదిలాయి. గరోన్ ఒడ్డున టూరిస్టులు ఫోటోలు దిగే తెల్లరాతి భవనాల వరస ఆ కాలానిదే. ఆ డబ్బే తోటల్లోకీ షాతోల్లోకీ (తోటల యజమానుల భవంతులు, వాటి పేరు మీదే వైన్ అమ్ముతారు) పారింది. నేలను పొగిడేవాళ్ళు ఈ పేజీ తిప్పేస్తారు.

అయినా ఒక్కటి అడుగుతాను. రేవు ఒక్కటే చాలితే, రేవు హక్కు అనుభవించిన వైన్లన్నీ ఈరోజుకీ గొప్పగా ఉండాలి కదా? నదుల మధ్య ఉన్న ఆంత్ర్-ద్-మెర్ మట్టి నేలలకీ అదే రేవు, అదే పేరు, అదే ఇంగ్లిష్ బేరగాడు. అక్కడి ఎర్ర వైన్ మాత్రం ఇవాళ అప్పులపాలైంది. రేవు తెచ్చిన డబ్బు దిబ్బల దగ్గర ఎందుకు ఆగిందన్నది నా ప్రశ్న.

మీ కాఓర్ వైపు పండే ఎర్ర ద్రాక్ష మాల్బెక్ ఒకప్పుడు ఇక్కడా విరివిగా ఉండేది. 1956 ఫిబ్రవరిలో గడ్డకట్టే చలి వారాల తరబడి పట్టి తీగలు మొదలంటా చచ్చాయి, ముఖ్యంగా సాంత్ ఎమిలియోన్, పొమరోల్ వైపు. తిరిగి నాటేటప్పుడు చాలామంది మెర్లోకి మారిపోయారు. ఈరోజు బోర్డో ఎర్ర ద్రాక్షలో సగానికి పైన మెర్లోయే. ఒక చలికాలం వైన్ రుచినే మార్చేసింది.

మల్లేశ్ గారికి ఇంకో విచిత్రం. బూజు పడితే తోట పోయిందనుకుంటాం కదా, ఇక్కడ దక్షిణాన సోటెర్న్‌లో బూజు కోసం కాచుకుని కూర్చుంటారు. సిరోన్ అని ఒక చిన్న వాగు, అడవి నీడలో పారి చల్లగా ఉంటుంది. వెచ్చగా ఉన్న గరోన్‌లో అది కలిసే చోట శరదృతువులో పొద్దున్నే పొగమంచు లేస్తుంది, మధ్యాహ్నానికి ఎండ కాసి ఆరిపోతుంది. ఆ తడికి బొట్రైటిస్ అనే బూజు పడుతుంది, ఆ ఎండకి అది కుళ్ళుగా మారకుండా ఆగుతుంది. గింజ ముడుచుకుపోయి నీరు ఆవిరై తీపి చిక్కబడుతుంది. కూలీలు ఒకే తీగ దగ్గరికి నాలుగైదు విడతలు వెళ్ళి, ముడుచుకున్న గింజలే ఏరుకొస్తారు. గుత్తి మొత్తం కోయరు. షాతో ఇకెమ్‌లో తీగకు ఒక గ్లాసు వైన్ అని లెక్క చెబుతారు. ఎండ రాక తడే మిగిలిన ఏడు వాళ్ళు ఆ పేరుతో వైన్ చేయరు. 1992లో చేయలేదు, 2012లో చేయలేదు. ఒక ఏడాది రాబడి వదులుకోవడానికి జేబు లోతుండాలి, అది వేరే విషయం.

కొండాపూర్ కిరణ్:

వ్యవసాయం పెద్దగా తెలియదు, తాగేవాణ్ణి. ఇక్కడ షాపుల్లో బోర్డో అని రాసున్న సీసాలు ఉంటాయి, రేట్లు చూస్తే కళ్ళు తిరుగుతాయి. 1855 వర్గీకరణలో ఉన్న షాతో అయితేనే అసలైన బోర్డో అని ఒక ఫ్రెండ్ ఊదరగొడుతున్నాడు. నిజమేనా అక్కా? నూట డెబ్భై ఏళ్ళ నాటి ర్యాంకు ఇప్పటికీ చెల్లుతుందా? డ్యూటీ ఫ్రీలో నాలాంటోడు ఏం కొనాలి?

తోటపని మాధవి (పోయాక్ దగ్గర):

కిరణ్, మీ ఫ్రెండ్‌కి ముందు ఇది చెప్పండి. 1855లో పారిస్ ప్రపంచ ప్రదర్శన కోసం మూడో నెపోలియన్ జాబితా అడిగాడు. ఇక్కడి వైన్ దళారులు కూర్చుని, ఏ షాతో వైన్ ఎంత ధర పలుకుతోందో చూసుకుని ఐదు తరగతులు రాసిచ్చారు. ఎవరూ ప్రత్యేకంగా రుచి పోటీ పెట్టలేదు. ఎర్ర వైన్లలో ఒక్క ఓ-బ్రియోన్ తప్ప అన్నీ మెడాక్‌వే, ఎందుకంటే ఆ దళారుల బేరం అంతా అటే. పొమరోల్ లేదు, సాంత్ ఎమిలియోన్ లేదు. అప్పటి నుంచి చెప్పుకోదగ్గ మార్పు ఒక్కటే, 1973లో మూతోన్ అనే షాతో రెండో తరగతి నుంచి మొదటికి ఎక్కింది.

అసలు చమత్కారం ఎక్కడుందంటే, ఆ ర్యాంకు నేలకు కాదు, షాతో పేరుకు. ర్యాంకున్న షాతో తన అప్పెలాసియోన్ (లేబుల్ మీద ఊరి పేరు వేసుకోవడానికి చట్టం గీసిన ప్రాంతం) హద్దుల్లోనే పక్కవాడి తోట కొంటే, నిన్నటిదాకా మామూలు ద్రాక్ష ఇవాళ ర్యాంకు ద్రాక్ష అయిపోతుంది. సాంత్ ఎమిలియోన్ వాళ్ళది వేరే పద్ధతి, పదేళ్ళకోసారి తిరగరాస్తారు. దాంతో తరచూ కోర్టులు. చివరికి 2022 జాబితా వచ్చేముందు ఓజోన్, షెవాల్ బ్లాన్, ఆంజెల్యూస్ అనే షాతోలు మాకొద్దని తప్పుకున్నాయి. శిఖరాన ఉన్న నాలుగింట్లో మూడు అవే.

ఆ 1855 ఎర్ర వైన్ షాతోలు ఇవాళ 61. మిగతా వేలమంది రైతులదే బోర్డో, వాళ్ళ పరిస్థితి ఏమీ బాగోలేదు. ఫ్రాన్స్‌లోనే ఎర్ర వైన్ తాగడం తగ్గింది, చైనా కొనుగోళ్ళు పడిపోయాయి. సీసా కట్టకుండా టోకున అమ్మేవాళ్ళకి 900 లీటర్ల టోనో మీద వెయ్యి యూరోలు కూడా రావడం లేదు. అంటే లీటరుకి ఒక యూరో పదకొండు సెంట్లు కూడా లేదు. ఖర్చులు గిట్టవు. 2023 నుంచి తోట పీకేసినవాళ్ళకి హెక్టారుకి 6000 యూరోలు ఇచ్చారు, వేల హెక్టార్లు పోయాయి. పోయిన చలికాలం బ్లాయ్ వైపు వెళ్తే రోడ్డుకిరువైపులా పీకేసిన మోడులు గుట్టలు. పీకకుండా వదిలేసిన తోటలతో ఇంకో తలనొప్పి, వాటి తెగులు పక్కవాడి తోటకి అంటుకుంటుంది. వంద యూరోల సీసా, ఎనభై సెంట్ల లీటరు, రెండింటి మీదా బోర్డో అనే ఉంటుంది.

కాబట్టి కొనేటప్పుడు పెద్ద షాతోల జోలికి పోకండి. ఫ్రోన్సాక్, లాలాండ్-ద-పొమరోల్, కాస్తియోన్, మూలీస్, లిస్త్రాక్, ఈ పేర్లు లేబుల్ మీద చూడండి. 2016, 2019 ఏడువి దొరికితే తీసుకోండి. 2013 వద్దు, ఆ ఏడు వాన మమ్మల్ని ఓడించింది. ఇంకోటి, నాటుకోడి పులుసుతో కుర్ర కబెర్నే తాగకండి. వగరూ కారమూ కలిస్తే నోరు మండిపోతుంది, ఆ తిట్లు నాకొస్తాయి. వేపుడు ముక్కకైతే మెర్లో ఎక్కువున్నది సరిపోతుంది, కారం మాత్రం తగ్గించుకోవాలి.

మేడ్చల్ మల్లేశ్:

మాధవక్కా, షుక్రియా. ఇంత ఇవరంగ ఎవరు చెప్తరు. ఒక్కటే డౌట్ మిగిలింది. ఇప్పుడు కూడ అదే మిశ్రమం కొడతన్నరా, లేకుంటే కొత్త మందులా? మేము నూరు లీటర్లకు కిలో తుత్తం, కిలో సున్నం వేస్తుంటిమి. మీ దిక్కు ఎంత పాళ్లు? ఎన్నిసార్లు?

తోటపని మాధవి (పోయాక్ దగ్గర):

కొడుతున్నాం మల్లేశ్ గారూ, కానీ మీ పాళ్ళలో కొడితే నన్ను ఉద్యోగంలోంచి తీసేస్తారు. లెక్క చూడండి. మైలుతుత్తంలో నాలుగో వంతు రాగి. నూరు లీటర్లకు కిలో అంటే 250 గ్రాముల రాగి. హెక్టారుకి వెయ్యి లీటర్లు కొడితే ఒక్కసారికే రెండున్నర కిలోలు. యూరప్‌లో ఇప్పుడున్న పరిమితి ఏడేళ్ళకి కలిపి హెక్టారుకి 28 కిలోలు, అంటే సగటున ఏడాదికి నాలుగు. మీ తాతగారి పిచికారీ రెండోసారికే గీత దాటేస్తుంది. రాగి ఎటూ పోదు, పైమట్టిలో పేరుకుపోతుంది, వానపాములకి పడదు. నూట నలభై ఏళ్ళ పిచికారీ ఇక్కడి నేలలో అలాగే ఉంది.

అందుకని ఇప్పుడు రాగిని బాగా తగ్గించి, ఒక్కో విడతకి హెక్టారుకి రెండు మూడు వందల గ్రాములు మించకుండా, ఎక్కువసార్లు కొడతారు. వాన కడిగేస్తే మళ్ళీ కొట్టాలి. సేంద్రియం కాని తోటల్లో వేరే శిలీంధ్రనాశకాలు కూడా వాడతారు. 2023లో జూన్ ఎంత వేడో అంత ఉక్క, మధ్యమధ్యలో జల్లు. మెర్లో తోటలు కళ్ళముందే మాడిపోయాయి, ఆకు మీద మచ్చ చూసేలోపే గుత్తి గోధుమ రంగుకి తిరిగింది. సేంద్రియ రైతుల పరిస్థితి మరీ ఘోరం. రాగి కోటా ఉన్నా నేల బురదై ట్రాక్టర్ దిగదు, దిగేలోపు తెగులు దిగుతుంది.

తెగులును తట్టుకునే కొత్త రకాలు వస్తున్నాయి. ఇక్కడి వ్యవసాయ పరిశోధన సంస్థ ఇన్‌రే సంకరం చేసిన విదోక్, ఆర్తాబాన్ ఎరుపు, ఫ్లోరేయాల్ తెలుపు. అవి కాక, ఎండలు ముదురుతున్నాయని 2021లో పోర్చుగల్ ద్రాక్ష తూరీగా నాసియోనాల్, ఇంకా మార్సెలాన్ లాంటివి కలిపి ఆరు రకాల్ని బోర్డోలోకి అనుమతించారు. తోటలో 5 శాతం, కలిపే వైన్‌లో 10 శాతం మించకూడదు. మా పక్కతోటాయన విదోక్ కొన్ని వరసలు వేశాడు, మేం పిచికారీ మిషన్ వెనక పరుగెడుతుంటే ఆయన ఆ వరసల దగ్గర చేతులు కట్టుకుని నిలబడతాడు. ఆ వైన్ రుచి చూశాను. రంగు బ్రహ్మాండం, తాగడానికి బాగానే ఉంది, పోయాక్‌ది అంటే మాత్రం ఎవరూ నమ్మరు. తీగకింకా వయసు రాలేదు, పదేళ్ళాగి అడగండి.